సంసారం గుట్టు, రోగం రట్టు

కుటుంబ దర్శిని

సంసారాన్ని గుట్టుగా ఉంచుకోవాలి, రోగాన్ని రట్టు చేసుకోవాలి అని మన పెద్దలు ఏనాడో సెలవిచ్చారు. ఇంటి తగవు వీధిన పడితే పరువు పోతుంది. ఒంటి రోగాన్ని దాచుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చిన్న సామెతలో ఎంతో లోకానుభవం ఇమిడి ఉంది. అయితే దీనిని ఆచరించడంలో ఒక చిక్కు ఎదురవుతుంది. ఏది సంసారం, ఏది రోగం అన్న విభజన అన్ని వేళలా స్పష్టంగా ఉండదు. దంపతులలో ఒకరికి మానసిక కుంగుబాటు, అంటే వైద్యులు డిప్రెషన్ అని వ్యవహరించే వ్యాధి వచ్చినప్పుడు అది ఇంట్లోని వారికి రోగంలా కనిపించదు. అలకలా, నిర్లక్ష్యంలా, అనురాగం అడుగంటినట్లుగా కనిపిస్తుంది. అందుచేత దానిని సంసారం ఖాతాలో వేసి గుట్టుగా ఉంచుతాం. రోగం ఖాతాలో వ్రాయవలసిన పద్దు తప్పు ఖాతాలో పడటం వలన ఎన్నో కాపురాలలో మాటలు కరువైపోతున్నాయి. ఈ నెల మన శీర్షికలో ఈ విషయాన్నే ముచ్చటించుకుందాం.

దిగులు వేరు, కుంగుబాటు వేరు

దిగులు ఎరుగని మనిషి ఉండడు. ఆప్తులు కన్నుమూసినా, రావలసిన ప్రమోషన్ చేజారినా, బిడ్డకు కోరిన కళాశాలలో సీటు రాకపోయినా మనసు బరువెక్కుతుంది. కొన్నాళ్లకు తేరుకుంటుంది. కుంగుబాటు అటువంటిది కాదు. రోజులో అధిక భాగం, దాదాపు ప్రతిరోజూ, కనీసం 2 వారాల పాటు మనసు కుంగి ఉండటం గాని, ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి నశించడం గాని ఇందులో ప్రధాన లక్షణం. దీనికి తోడు నిద్ర చెడుతుంది, ఆకలి తప్పుతుంది, చిన్న పనికే అలసట కలుగుతుంది, ఏకాగ్రత కుదరదు. తాను దేనికీ పనికిరాననే భావన పీడిస్తుంది. తీవ్రమైనప్పుడు బ్రతుకు మీదనే విరక్తి కలుగుతుంది.

మన దేశంలో ఈ వ్యాధి తరచు శరీరం ద్వారా తనను తాను చాటుకుంటుంది. తలనొప్పి, ఒళ్లు నొప్పులు, గుండె దడ, కడుపులో గ్యాస్, ‘నరాల బలహీనత’ అంటూ బలం మందులు వాడేవారిలో కొందరి అసలు వ్యాధి కుంగుబాటే. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, వయోజనులలో ప్రతి 20 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనైనవారే. అంటే 40 మంది పనిచేసే సెక్షనులో సగటున ఇద్దరన్నమాట. మానసిక వ్యాధులకు చికిత్స అందనివారు, ఆయా వ్యాధులను బట్టి, 70 నుంచి 92 శాతం వరకు ఉన్నారని కూడా ఆ సర్వే వెల్లడించింది. ఆ ఇళ్లలో చాలా వాటిలో రోగానికి రోగమనే పేరే పెట్టి ఉండరు.

మాట ఎందుకు ఆగిపోతుంది?

మన కర్మాగారాలలో యంత్రం చెడబోయే ముందు తరచు శబ్దం పెరుగుతుంది. అనుభవజ్ఞుడైన ఆపరేటరు ఆ శబ్దాన్ని బట్టే బేరింగు పోతున్నదని పసిగడతాడు. మనిషి మనసు కుంగినప్పుడు మాత్రం చాలాసార్లు శబ్దం తగ్గుతుంది. ఆలోచనలు మందగిస్తాయి. గొంతు సన్నబడుతుంది, ముఖంలో భావాలు పలకవు. “సాయంత్రం ఏం కూర వండమంటారు?” అన్న ప్రశ్నకు బదులివ్వడం కూడా పెద్ద భారమైపోతుంది.

అమెరికాకు చెందిన మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960 దశకంలో ఈ వ్యాధిగ్రస్తుల ఆలోచనా సరళిని వివరించాడు. వారు తమను, తమ చుట్టూ ఉన్న లోకాన్ని, తమ భవిష్యత్తును, మూడింటినీ చీకటిగానే చూస్తారని ఆయన చెప్పాడు. అటువంటి చూపుతో వినేవారికి మంచి మాట కూడా వంకరగానే వినిపిస్తుంది. “కాసేపు విశ్రాంతి తీసుకోండి” అంటే ‘నేను ఇంటికి పనికిరానని అంటోంది’ అని తోస్తుంది. “ఈ రోజు కూర బాగుంది” అంటే ‘తక్కిన రోజుల్లో బాగుండదనేగా’ అని మనసు నొచ్చుకుంటుంది.

ఒక ఇంటిని ఊహించుకుందాం. ‘బి’ షిఫ్టు ముగించుకుని భర్త రాత్రి పదిన్నరకు ఇల్లు చేరాడు. భార్య అన్నం వడ్డించింది.

“ఏమండీ, ఒంట్లో బాగాలేదా?”

“ఏమీ లేదు.”

“నాలుగు రోజుల నుంచి చూస్తున్నాను. ఏమైందో చెప్పండి.”

“ఏమీ లేదన్నాను కదా.”

“నా మీద కోపమా? మా చెల్లి పెళ్లికి ఇచ్చిన డబ్బు గురించేనా?”

అతడు కంచం నెట్టి లేచిపోయాడు.

ఆమె ప్రశ్నలో ఉన్నది ఆదుర్దాయే. అతని జవాబులో ఉన్నది మోసమూ కాదు. తన లోపల జరుగుతున్న దానికి అతనికి పేరు దొరకలేదు. కాని ఆమెకు అది కోపంగా తోచింది. అతనికి ఆమె ఆదుర్దా నిలదీతగా తోచింది. ఇద్దరూ వేరువేరు గదులలో పడుకున్నారు.

ఇప్పుడు పాత్రలు మార్చి చూద్దాం. కుంగుబాటు వచ్చినది భార్యకు. భర్త ‘ఎ’ షిఫ్టు నుంచి వచ్చేసరికి ఇల్లు సర్ది లేదు, అంట్లు తోమి లేవు. “పొద్దుటి నుంచి ఇంట్లోనే ఉన్నావు కదా, ఏం చేశావు?” అని అడుగుతాడు. “ఏమీ లేదు” అంటుంది ఆమె. అది ఆమెకు నిజం. మంచం మీద నుంచి లేవడానికే ఆ రోజు శక్తి అంతా ఖర్చయింది. అతడు దానిని సోమరితనం అనుకుంటాడు. ఆమె తనను తాను అంతకంటె కఠినంగా నిందించుకుంటూనే ఉంటుంది.

మౌనం అర్ధాంగీకారమని అంటారు. కుంగుబాటులోని మౌనం అంగీకారమూ కాదు, తిరస్కారమూ కాదు. అది జ్వరం వంటి లక్షణం. జ్వరంతో ఒళ్లు కాలుతున్న వారిని ‘నా మీద కోపంతో కాలుతున్నావా’ అని మనం అడగం కదా!

మన వంటి ఉద్యోగుల కుటుంబాలకు మరికొన్ని ఇబ్బందులు కూడా ఉన్నాయి. షిఫ్టు విధుల వలన దంపతులిద్దరూ కలిసి మెలకువగా ఉండే గంటలే తక్కువ. రాత్రి షిఫ్టులతో నిద్ర పదే పదే చెడటం మానసిక ఆరోగ్యానికి మంచిది కాదు. బదిలీల మూలంగా తల్లిదండ్రులు, తోబుట్టువులు దూరాన ఉండిపోతారు. ఇక క్వార్టర్లలో పక్కింటివారే పని చేసే చోట సహోద్యోగులు. ఇంట్లో మాట పెరిగితే మర్నాడు క్యాంటీనులో వినిపిస్తుందన్న భయం ఉంటుంది. అందువలన పోట్లాట కంటె మౌనమే మేలనిపిస్తుంది. అలా మౌనం నెలల తరబడి సాగుతుంది.

విషవలయం

ఒకరు జవాబు కోసం వెంటపడటం, మరొకరు తప్పించుకుని వెనక్కి తగ్గడం దాంపత్య కలహాలను పరిశీలించిన మనస్తత్వవేత్తలు తరచు గుర్తించిన వరస. వెంటపడే కొద్దీ ఎదుటివారు ముడుచుకుపోతారు. ముడుచుకునే కొద్దీ వీరు ఇంకా గట్టిగా వెంటపడతారు. ఎవరిని అడిగినా ‘మొదలుపెట్టింది ఎదుటివారే’ అని చెబుతారు, చిత్తశుద్ధితోనే చెబుతారు.

కుంగుబాటు తోడైతే ఈ వలయం బిగుసుకుంటుంది. జేమ్స్ కోయిన్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1976లో దీనిని ఇలా విశ్లేషించాడు. వ్యాధికి లోనైనవారు తమవారి నుంచి పదే పదే భరోసా కోరుతారు. మొదట ఇంట్లోవారు ఓదారుస్తారు. ఎంత ఓదార్చినా ఫలితం కనిపించక విసుగు మొదలవుతుంది. ఆ విసుగును పైకి కనిపించకుండా దాచినా రోగి పసిగడతాడు. ‘వీరికి నేను భారమయ్యాను’ అన్న అనుమానానికి రుజువు దొరికినట్లవుతుంది. రోగం ముదురుతుంది.

జిల్ హూలీ, జాన్ టీస్‌డేల్ 1989లో ప్రచురించిన పరిశోధన ఇంకా ఆలోచింపజేస్తుంది. కుంగుబాటుకు చికిత్స పొందిన వివాహితులలో ఎవరికి వ్యాధి తిరగబెడుతుందో వారు పరిశీలించారు. దానిని ముందుగా సూచించడంలో ‘మీ జీవిత భాగస్వామి మిమ్మల్ని ఎంతగా తప్పుపడతారు?’ అన్న ఒక్క ప్రశ్నకు రోగి ఇచ్చిన జవాబే అన్నిటికంటె బాగా పనికివచ్చింది. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. ఎదుటివారు అన్న మాట ఎంతో, ఆ మాట రోగి చెవికి ఎలా చేరిందన్నది కూడా అంతే ముఖ్యం. కనుక ఇది భాగస్వామిని దోషిగా నిలబెట్టే మాట కాదు. మాట అన్నవారు ‘నేనేమీ అనలేదే’ అని వాదించుకునే బదులు ‘నీకు ఎలా వినిపించింది?’ అని అడిగితే మేలని దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఇది ఒకవైపు ప్రయాణం కూడా కాదు. ఏళ్ల తరబడి సాగిన కలహం, అవమానం, నిరాదరణ ఆరోగ్యవంతులను కూడా కుంగుబాటు వైపు నెట్టగలవు. విత్తు ముందా చెట్టు ముందా అన్న వాదన వలన ప్రయోజనం లేదు. వలయాన్ని ఏదో ఒక చోట తెంచడమే కావలసినది.

స్త్రీలలో, పురుషులలో

కుంగుబాటు పురుషుల కంటె స్త్రీలలో సుమారు రెట్టింపుగా కనిపిస్తుంది. ప్రసవానంతర కాలం మరీ ముఖ్యమైనది. భారతదేశంలో జరిగిన పలు అధ్యయనాలను క్రోడీకరించి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడిన సమీక్ష ప్రకారం ఇక్కడి తల్లులలో సుమారు 22 శాతం మంది ప్రసవానంతర కుంగుబాటుకు గురవుతున్నారు. ‘బాలింత కదా, నీరసం సహజమే’ అని కొట్టిపారేయకుండా, బిడ్డ మీద కూడా ఆసక్తి లేకుండా ఉంటున్నదా, అకారణంగా కన్నీరు పెడుతున్నదా అని భర్త, అత్తగారు గమనించాలి.

పురుషులలో ఇది కొన్నిసార్లు చిరాకుగా, ముక్కోపంగా, మద్యపానంగా వ్యక్తమవుతుంది. ‘మగవాడు కన్నీరు పెట్టరాదు’ అన్న పెంపకం వలన దుఃఖం కోపం వేషం ధరిస్తుంది. దిగులు మరచిపోవడానికి త్రాగే మద్యం నిద్రను మరింత చెడగొట్టి, దిగులును పెంచుతుంది.

ఇంట్లో చేయదగినవి

మొదటిది, పేరు పెట్టడం. వ్యాధికి లోనైనవారు అన్నీ వివరించనక్కరలేదు. “ఇది నీ మీద కోపం కాదు, నా మనసు బాగాలేదు” అన్న ఒక్క మాట చాలు. ఆ మాటతో విషయం సంసారం ఖాతా నుంచి రోగం ఖాతాకు మారుతుంది. తక్కిన పనులన్నీ దాని తరువాతనే సాధ్యం.

రెండవది, అలసిన మనసు జవాబివ్వగల ప్రశ్నలే అడగడం. “ఎందుకిలా ఉన్నారు?” అన్న దానికి వారి వద్ద సమాధానం లేదు. “రాత్రి నిద్ర పట్టిందా?”, “కాసేపు పక్కన కూర్చోనా, ఒంటరిగా ఉంటారా?” అన్న వాటికి ఉంది. “ధైర్యం తెచ్చుకో”, “నీకేం తక్కువ?” అన్నవి సదుద్దేశంతో అనే మాటలే అయినా, కాలు విరిగినవారిని పరుగెత్తమన్నట్లు ఉంటాయి.

మూడవది, వేళ ఏర్పరచుకోవడం. షిఫ్టు పట్టిక ముందే తెలుస్తుంది గనుక దానిని చూసుకుని రోజుకు పావుగంట ఇద్దరికీ కేటాయించుకోవచ్చు. ఆ పావుగంటలో టీవీ, సెల్‌ఫోను ఉండరాదు. అప్పులు, ఆడపడుచుల మాటలు, పిల్లల మార్కులు ఆ సమయంలో ఎత్తరాదు. మాట్లాడటానికి ఏమీ లేకపోతే కలిసి కూర్చుని టీ త్రాగినా చాలు.

నాలుగవది, చిన్న పనులు కలిసి చేయడం. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని రోగి ఎదురుచూస్తాడు. కాని ఈ వ్యాధిలో పని మొదలుపెట్టిన తరువాతనే ఉత్సాహం మెల్లగా తిరిగి వస్తుంది. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఈ సూత్రం మీద ఆధారపడిన చికిత్సను శిక్షణ పొందిన సామాన్య కౌన్సెలర్ల ద్వారా అందించగా, రోగులు మెరుగుపడినట్లు 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. సాయంత్రం మార్కెట్టు వరకు కలిసి నడవడం, మొక్కలకు నీరు పోయడం వంటివి చాలు.

ఐదవది, పెద్ద నిర్ణయాలను వాయిదా వేయడం. ఉద్యోగానికి రాజీనామా, స్వచ్ఛంద పదవీ విరమణ, ఇల్లు అమ్మకం, విడాకులు వంటి ఆలోచనలు కుంగిన మనసుకు ఏకైక మార్గాలుగా తోస్తాయి. కోలుకున్న తరువాత అదే మనసుకు మరి నాలుగు దారులు కనిపిస్తాయి.

పిల్లలను మరువరాదు. ఇంట్లో మాటలు ఆగిపోతే తామేదో తప్పు చేశామని వారు భావిస్తారు. “నాన్నకు ఒంట్లో బాగాలేదు, మందు వాడుతున్నారు, మీ తప్పేమీ లేదు” అని వయసుకు తగినట్లు చెప్పాలి. అలాగే సేవ చేసే భాగస్వామికి కూడా మనసు విప్పుకోవడానికి నమ్మకస్తులైన ఒకరు అవసరం. ఓర్పు కూడా తరిగిపోయేదే.

వైద్యుని వద్దకు ఇద్దరూ వెళ్లాలి

మొదట కుటుంబ వైద్యుని వద్దకు వెళ్లినా సరిపోతుంది. థైరాయిడ్ లోపం, రక్తహీనత వంటివి కూడా ఇటువంటి లక్షణాలనే కలిగించగలవు గనుక పరీక్షలు అవసరం కావచ్చు. కుంగుబాటుకు ఇచ్చే మందుల గుణం కనిపించడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ పడుతుంది. మొదటి వారంలో గుణం లేదని మానివేయడం, గుణం కనిపించగానే రోగం పోయిందని మానివేయడం, రెండూ పొరపాట్లే. కోలుకున్న తరువాత కూడా కనీసం 6 నెలలు వాడమని వైద్యులు చెబుతారు. మానవలసినప్పుడు వారి సలహా మేరకే క్రమంగా తగ్గించాలి.

దంపతులు సిగ్గుపడి దాచే విషయం మరొకటి ఉంది. ఈ వ్యాధి వలన, కొన్ని మందుల వలన కూడా, లైంగిక వాంఛ తగ్గవచ్చు. అది ప్రేమ తగ్గడం కాదు. వైద్యునికి చెబితే మోతాదు గాని మందు గాని మార్చగలరు.

ఇద్దరూ కలిసి వెళ్లడం వలన లాభమేమిటి? డేనియల్ ఓలియరీ, స్టీవెన్ బీచ్ 1990లో ప్రచురించిన పరిశోధనలో, భర్తతో పొత్తు కుదరక కుంగుబాటుకు లోనైన స్త్రీలలో కొందరికి విడిగా, కొందరికి దంపతులతో కలిపి మాటల చికిత్స చేశారు. కుంగుబాటు రెండు విధాలా తగ్గింది. కాని దాంపత్యం మెరుగుపడింది దంపతులకు కలిపి చికిత్స చేసినప్పుడే. మన దేశానికి ఈ భావన కొత్త కాదు. 1950 దశకంలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలో గుడారాలలో ఉండనిచ్చి, వారిని చికిత్సలో భాగస్వాములను చేశాడు.

కొన్ని భయాలు, కొన్ని హెచ్చరికలు

‘నలుగురికీ తెలిస్తే ఉద్యోగం, పరువు ఏమవుతాయి?’ అన్న భయం సహజం. 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచబడటం అతని హక్కు. శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకు కూడా వైద్య బీమా కల్పించాలని అదే చట్టం నిర్దేశించింది. ‘మానసిక వ్యాధి అని తేలితే విడాకులే’ అన్న అపోహ కూడా కొందరి నోరు కట్టివేస్తుంది. వ్యాధి ఉన్నంత మాత్రాన విడాకులకు ఆధారం కాదని, దాని తీవ్రతను బట్టి చూడాలని సుప్రీంకోర్టు 1988లోనే రామ్ నారాయణ్ గుప్తా కేసులో స్పష్టం చేసింది.

బ్రతకాలని లేదన్న మాట ఎవరి నోట వచ్చినా తేలికగా తీసుకోరాదు. “చనిపోవాలనిపిస్తున్నదా?” అని నెమ్మదిగా, సూటిగా అడగవచ్చు. అడగడం వలన లేని ఆలోచన పుట్టదు, దాచుకున్నది బయటపడుతుంది. అటువంటివారిని ఒంటరిగా వదలరాదు. మందులు, పురుగుమందులు అందుబాటులో ఉంచరాదు. వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేసి తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

మరొక మాట. వ్యాధి మౌనానికి కారణం కావచ్చు, చేయి చేసుకోవడానికి సాకు కారాదు. హింస ఉన్న చోట ఓర్చుకొమ్మని మేము చెప్పబోము. స్త్రీల సహాయానికి 181 నంబరు, 2005 నాటి గృహహింస చట్టం ఉన్నాయి.

రట్టు చేయడమంటే వీధిలో చాటడం కాదు. ముందు ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోవడం, పిమ్మట ఇద్దరూ కలిసి వైద్యునికి చెప్పడం. ఈ రెండు గడపలు దాటితే చాలు, మిగిలిన లోకానికి తెలియనక్కరలేదు. పెద్దల సామెతకు భంగం రాదు. సంసారం గుట్టుగానే ఉంటుంది, రోగం మాత్రం దాగదు. రెండు వారాలకు పైగా మీ ఇంట్లో ‘ఏమీ లేదు’ అన్న జవాబే వినిపిస్తున్నట్లయితే, తగవు ఎక్కడ మొదలైందని వెతకడం కాసేపు ఆపి, ఇది రోగమేమోనని ఒక్కసారి ఆలోచించవలసిందిగా మా మనవి.